రెడ్‌మండ్ రైలుదారి వెనుక ఒక ప్లీడరు

అమెరికా వాయవ్య కొసన, వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ నగరానికి తూర్పున సమ్మామిష్ నది ఒడ్డున వెలసిన రెడ్‌మండ్‌ను నేటి తెలుగు పాఠకులు సాఫ్ట్‌వేరు పరిశ్రమకు మారుపేరుగానే ఎరుగుదురు. ఆ పట్టణం నడిబొడ్డున, ఒకప్పుడు రైలు పట్టాలు పరచిన కట్ట మీదనే వేసిన నడకదారి ఒకటి ఉంది. నది వెంబడి ఉత్తరంగా సాగే మరొక దారి బాథెల్ దగ్గర బర్క్-గిల్మన్ దారిలో కలిసి సియాటిల్ దాకా పోతుంది. ఆ పేరులోని బర్క్, గిల్మన్ ఇద్దరూ న్యాయవాదులే. సమ్మామిష్ నది లోయ మీదుగా రైలును తెచ్చిన కంపెనీకి పునాది వేసినది వారే. ఇద్దరిలో థామస్ బర్క్ జీవితం పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పశ్చిమ ప్రాంతంలో వకాలతు ఏ విధంగా రాజకీయంగా మారేదో తెలుసుకోవడానికి గట్టి ఆధారం. మూడుసార్లు పెద్ద పదవుల కోసం పోటీ చేసి మూడుసార్లూ ఓడిపోయిన వ్యక్తి గనుక ఎన్నికల లెక్కలో ఆయనను విఫలుడనే చెప్పాలి. అయితే ఆయన చేసిన అసలైన రాజకీయం ఓట్ల పెట్టెకు బయట, న్యాయస్థానాలలోను, రైలు కంపెనీ దస్తావేజులలోను, అన్నిటినీ మించి 1885, 1886 సంవత్సరాలలో సియాటిల్ వీధుల్లోను జరిగింది.

ఆ కాలపు వాషింగ్టన్ ఇంకా రాష్ట్రం కాదు, టెరిటరీ. అంటే సమాఖ్య ప్రభుత్వం నేరుగా ఏలే ప్రాంతం అన్నమాట. 1853లో ఏర్పడిన ఈ టెరిటరీకి గవర్నరును, ఉన్నత న్యాయమూర్తులను అమెరికా అధ్యక్షుడే నియమించేవాడు. స్థానిక శాసనసభ ఉన్నప్పటికీ వాషింగ్టన్ డి.సి.లోని కాంగ్రెసుకు ప్రజలు పంపగలిగినది ఒకే ఒక డెలిగేటును, అంటే సభలో మాట్లాడవచ్చునే గాని ఓటు వేయడానికి వీలులేని ప్రతినిధిని. ఇటువంటి చోట భూమి పట్టాలు, గని హక్కులు, అప్పు పత్రాలు, సరిహద్దు తగాదాలు అన్నీ కొత్తవే కావడం వల్ల, రాతకోతలు తెలిసిన న్యాయవాది ఊరికి తలలో నాలుక అయ్యేవాడు. కక్షిదారుల నమ్మకం ఓట్లుగాను, ఓట్లు పదవులుగాను, పదవులు మళ్ళీ కొత్త వ్యాపారాలుగాను మారేవి. ఇంచుమించు ఇదే కాలంలో మద్రాసు హైకోర్టు వకీళ్ళు కూడా ఈ బాటలోనే నడిచారు. చిత్తూరు ప్రాంతపు కట్టమంచిలో పుట్టిన పనప్పాకం ఆనందాచార్యులు 1884లో మద్రాసు మహాజనసభ స్థాపకులలో ఒకరై, 1885 డిసెంబరులో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెసు సమావేశానికి వెళ్ళిన 72 మంది ప్రతినిధులలో ఒకరై, 1891లో నాగపూరు కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. పరాయి పాలన కింద హక్కులు అడిగే వకీలుకూ, ఆక్రమించిన నేల మీద కొత్త ఊళ్ళు కట్టే వకీలుకూ ఉన్న తేడా చిన్నది కాదు. అయినా ఇద్దరి చేతిలోని పనిముట్టు చట్టమే.

రెడ్‌మండ్ పుట్టుక వెనుక కూడా చట్టం ఉంది. ఆ లోయలో తరతరాలుగా బ్రతికినవారు సమ్మామిష్ ప్రజలు. సాల్మన్ చేపలు, దుంపలు, అడవి పండ్లు వారి జీవనాధారం. 1855 జనవరి 22న గవర్నరు ఐజాక్ స్టీవెన్స్ జరిపించిన పాయింట్ ఇలియట్ ఒడంబడికతో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపాయకు తూర్పున ఉన్న విశాల భూభాగం మీద మూలవాసుల హక్కు కాగితం మీద ముగిసిపోయింది. ఆ తరువాత 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం, అంటే అయిదేళ్ళు కాపురముండి సాగుచేసిన కుటుంబానికి 160 ఎకరాల దాకా ప్రభుత్వ భూమిని దాదాపు ఉచితంగా ఇచ్చే చట్టం, వలస వచ్చినవారికి దారి తెరచింది. 1871లో ల్యూక్ మెక్‌రెడ్‌మండ్ అనే ఐరిష్ వలసదారు, వారెన్ పెరిగో అనే మరొకాయన ఇక్కడ స్థిరపడ్డారు. నదిలో సాల్మన్ చేపలు విస్తారంగా దొరకడం వల్ల ఆ చోటిని మొదట సాల్మన్‌బర్గ్ అన్నారు. పెరిగో కుటుంబపు బసయింటి పేరున కొంతకాలం మెల్రోజ్ అన్నారు. మెక్‌రెడ్‌మండ్ పోస్టుమాస్టరు అయిన తరువాత 1883లో అది రెడ్‌మండ్ అయింది. అప్పటికి అక్కడినుంచి సియాటిల్ చేరాలంటే మెలికలు తిరిగే నదిలో పడవ మీద వాషింగ్టన్ సరస్సు దాకా వెళ్ళి, సరస్సు దాటి, ఆపైన కొండ ఎక్కి దిగవలసి వచ్చేది.

థామస్ బర్క్ 1849 డిసెంబరు 22న న్యూయార్క్ రాష్ట్రంలోని క్లింటన్ కౌంటీలో ఐర్లండు నుంచి వచ్చిన పేద రైతుకుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని, మిషిగన్‌లో చదువుకుని, అక్కడే న్యాయశాస్త్రం నేర్చి, 1873లో న్యాయవాదిగా నమోదయ్యాడు. 1875లో సియాటిల్ చేరేనాటికి ఆయనకు ఇరవై అయిదేళ్ళు. ఊరి జనాభా మూడు వేలు దాటదు. అక్కడ ఆయన జాన్ మెక్‌గిల్వ్రా అనే పెద్ద న్యాయవాదితో భాగస్వామ్యంలో వృత్తి మొదలుపెట్టాడు. మెక్‌గిల్వ్రా చికాగోలో అబ్రహాం లింకన్‌ను ఎరిగినవాడు. లింకన్ అధ్యక్షుడైన 1861లోనే ఆయనను ఈ టెరిటరీకి సమాఖ్య ప్రభుత్వ న్యాయవాదిగా నియమించాడు. 1879లో బర్క్ ఆయన కుమార్తె కారొలైన్‌ను పెళ్ళాడాడు. అంతకు ముందే, 1876లో, ఆయన ప్రొబేటు న్యాయమూర్తిగా ఎన్నికై 1880 వరకు పనిచేశాడు. ప్రొబేటు అంటే వీలునామాల నిర్ధారణ, చనిపోయినవారి ఆస్తి పంపకం, అనాథ పిల్లల సంరక్షణ వంటి వ్యవహారాలు చూసే కోర్టు. పదవి చిన్నదే అయినా ‘జడ్జి’ అనే పిలుపు ఆయనకు జీవితాంతం నిలిచిపోయింది. డబ్బు ఇచ్చుకోలేని కక్షిదారుల పనులు కూడా చేసిపెట్టే న్యాయవాదిగా, అందునా ఐరిష్ పనివారికి సొంత మనిషిగా ఆయనకు పేరు వచ్చింది. డెమోక్రటిక్ పార్టీ తరఫున 1880లోను, 1882లోను డెలిగేటు పదవికి నిలబడి, రిపబ్లికన్లదే పైచేయిగా ఉన్న టెరిటరీలో రెండుసార్లూ ఓడిపోయాడు.

ఓటమి తరువాత ఆయన శక్తి రైలు మీదికి మళ్ళింది. 1873లో నార్తర్న్ పసిఫిక్ కంపెనీ ఖండాన్ని దాటి వచ్చే తన దారికి ఆఖరి స్టేషనుగా సియాటిల్‌ను కాదని టకోమాను ఎంచుకున్నప్పటినుంచి సియాటిల్ ప్రజలకు ఆ కంపెనీ పేరే కంటగింపు. రైలు చేరని రేవు ఎండిపోతుందన్న భయంతో 1885లో బర్క్, మెయిన్ రాష్ట్రం నుంచి రెండేళ్ళ క్రితమే వచ్చిన డేనియల్ గిల్మన్, మరికొందరు స్థానిక పెద్దలు కలిసి సియాటిల్, లేక్ షోర్ అండ్ ఈస్టర్న్ రైల్వే కంపెనీని స్థాపించారు. ఇందులో న్యాయవాదుల పని చూపుకు ఆననిది గాని పునాది వంటిది: కంపెనీ నమోదు పత్రం రాయడం, ఊరి వీధుల్లో పట్టాలు వేయడానికి పురపాలక అనుమతి సంపాదించడం, దారి పొడవునా రైతులనుంచి దారి హక్కు, అంటే నేల యజమానిదిగానే ఉంటూ పట్టాలు వేసుకునే హక్కు, ఒక్కొక్కటిగా కొనడమో దానంగా పొందడమో చేయడం, ఆ పత్రాలన్నీ చూపి తూర్పు నగరాల బ్యాంకర్లనుంచి బాండ్ల మీద డబ్బు తేవడం.

దారిని సియాటిల్ నుంచి వాషింగ్టన్ సరస్సు ఉత్తరపు అంచు చుట్టి, బాథెల్, వుడిన్‌విల్, రెడ్‌మండ్ మీదుగా ఇస్సక్వా వైపు, అటునుంచి స్నోక్వాల్మీ కనుమ దాటి తూర్పుకు తీసుకుపోవాలన్నది వారి సంకల్పం. ఇస్సక్వా దగ్గరి బొగ్గు, లోయ అంతటా ఉన్న కలప ఈ దారికి సరుకు. 1888లో రైలు రెడ్‌మండ్ చేరింది. మెక్‌రెడ్‌మండ్ భూమి మీదనే స్టేషను వెలసింది. దుంగల మధ్య నాలుగు కొట్టాలుగా ఉన్న చోటు, కలప మిల్లుల సరుకును నేరుగా రేవుకు పంపగల ఊరుగా మారసాగింది. కంపెనీ మాత్రం కనుమ దాటలేదు. పట్టాలు 1889లో కొండల పాదం దగ్గరే ఆగిపోయాయి. వేరొక శాఖ 1891లో కెనడా సరిహద్దు చేరింది. అప్పుల బరువు మోయలేక దారి అంతా చివరికి తాను ఎదిరించిన నార్తర్న్ పసిఫిక్ చేతికే పోయింది. అయినా 1880లో 3,533గా ఉన్న సియాటిల్ జనాభా 1890 నాటికి 42,837కు పెరగడంలో, ఆ ఊరు ఎవరి దయ మీదా ఆధారపడదని చాటిన ఈ చిన్న రైల్వే పాత్రను తక్కువగా చూడరాదు.

రైల్వే కంపెనీ పుట్టిన ఏడాదే అదే లోయ నెత్తురు చూసింది. బర్క్ జీవితంలో అతిముఖ్యమైన ఘట్టానికి నాంది అక్కడే.

రైలుదారులు వేయడానికి, గనులు తవ్వడానికి వేల సంఖ్యలో రప్పించిన చైనా కూలీలు, ఆ పనులు తగ్గి నిరుద్యోగం పెరిగేసరికి తెల్లజాతి కార్మికుల కంటికి శత్రువులయ్యారు. 1882లో అమెరికా కాంగ్రెసు చేసిన చైనీయుల నిషేధ చట్టం కొత్తగా చైనా కూలీల రాకను ఆపి, ఉన్నవారికి పౌరసత్వ ద్వారాన్ని మూసివేసింది. చట్టమే ఒక జాతిని అక్కరలేనిదిగా ముద్ర వేసిన తరువాత మూకకు ధైర్యం రావడంలో ఆశ్చర్యం లేదు. 1885 సెప్టెంబరు 2న వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ గనుల దగ్గర 28 మంది చైనీయులు హతులయ్యారు. అయిదు రోజులకే, సెప్టెంబరు 7 రాత్రి, రెడ్‌మండ్‌కు కొద్ది మైళ్ళ దక్షిణాన ఉన్న స్క్వాక్ లోయలో, అంటే నేటి ఇస్సక్వాలో, వోల్డ్ సోదరుల తోటలో హాప్స్ కోయడానికి వచ్చిన చైనా కూలీల గుడారాల మీద కొందరు తెల్లవారు, మూలవాసులు కలిసి తుపాకులు పేల్చారు. హాప్స్ అంటే బీరుకు చేదు రుచినీ వాసననూ ఇచ్చే తీగపూలు. ఆ రోజుల్లో ఈ లోయల ముఖ్యమైన పంట. పొట్ట చేతపట్టుకుని కోతకు వచ్చి గుడారంలో నిద్రపోతున్న ముగ్గురు చనిపోయారు. కేసు కోర్టుకు వెళ్ళినా ఎవరికీ శిక్ష పడలేదు. సమ్మామిష్ లోయ చరిత్ర రాసేవారు మెక్‌రెడ్‌మండ్, పెరిగోల గురించి రాసినంత వివరంగా ఈ ముగ్గురి గురించి కూడా రాయవలసి ఉంది.

నవంబరు 3న టకోమాలో నగర పెద్దల కనుసన్నలలోనే చైనీయులందరినీ ఇళ్ళనుంచి లాగి వానలో ఊరి బయటకు తోలారు. తరువాత వారి ఇళ్ళను తగలబెట్టారు. రెండు రోజులకు, నవంబరు 5న, సియాటిల్‌లోని ఫ్రై నాటకశాలలో పెద్ద సభ జరిగింది. ఆ సభలో బర్క్ చేసిన ప్రసంగం ఆయన రాజకీయ జీవితాన్ని రెండుగా చీల్చింది. చైనీయులు వెళ్ళిపోవడం మంచిదన్న అభిప్రాయాన్ని ఆయన తోసిపుచ్చలేదన్న సంగతిని దాచకూడదు. ఆనాడు ‘శాంతిభద్రతల పక్షం’ అనిపించుకున్నవారిలో అధికులు అదే మాట అన్నారు. చైనాతో ఉన్న ఒడంబడికను, చట్టాన్ని పక్కకు నెట్టి బలవంతంగా తరిమే హక్కు మాత్రం ఎవరికీ లేదని ఆయన ఖండితంగా చెప్పాడు. అణచివేతనుంచి తప్పించుకుని ఈ దేశంలో ఆశ్రయం పొందిన ఐరిష్ వారే మరొకరిని తరమడానికి ముందుకు రావడం ఏమిటని తన సొంతవారినే నిలదీశాడు. సభ ఆయనను అరుపులతో అడ్డుకుంది. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న పనివారే ఆయనను ద్రోహి అన్నారు. ఎదుటి పక్షానికి నాయకత్వం వహించిన జార్జ్ వెనబుల్ స్మిత్ కూడా న్యాయవాదే కావడం గమనించదగినది. వృత్తి ఒకటే అయినంతమాత్రాన మనుషులు ఒకటి కారని ఆ సభ తేటతెల్లం చేసింది.

మూడు నెలలు గడిచి 1886 ఫిబ్రవరి 7, ఆదివారం ఉదయం మూక ఇంటింటికీ వెళ్ళి, సుమారు 350 మంది చైనీయులను సామానుతో సహా బండ్ల మీద రేవుకు తోలింది. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే ‘క్వీన్ ఆఫ్ ది పసిఫిక్’ అనే ఓడ అక్కడ సిద్ధంగా ఉంది. మనిషికి ఏడు డాలర్ల ఛార్జీ లేనిదే ఎక్కించుకోనని కప్తాను అనడంతో మూకలోనివారే చందాలు పోగుచేశారు. ఈలోగా టెరిటరీ ప్రధాన న్యాయమూర్తి రోజర్ గ్రీన్ హెబియస్ కార్పస్ రిట్టు జారీ చేశాడు. నిర్బంధంలో ఉన్న మనిషిని న్యాయస్థానం ఎదుట నిలబెట్టి, ఆ నిర్బంధానికి ఉన్న చట్టబలం ఏమిటో చూపమని అడిగే ఆజ్ఞ అది. గ్రీన్‌కు మూక అంటే ఏమిటో ముందే తెలుసు: 1882 జనవరిలో సియాటిల్‌లో కోర్టు గదిలోనుంచే ఇద్దరు నిందితులను లాక్కుపోయి, జైలులోనుంచి మూడో మనిషిని తెచ్చి, ముగ్గురినీ ఉరితీసినప్పుడు ఆయన పరుగెత్తి వెళ్ళి తాడు కోయబోయి విఫలుడయ్యాడు. నాలుగేళ్ళ తరువాత ఆయన తాడు బిగిసేదాకా ఆగలేదు.

మరునాటి ఉదయం ఓడ మీదివారిని కోర్టుకు తెచ్చి, ఉండదలచినవారికి రక్షణ ఉంటుందని, పోదలచినవారు పోవచ్చునని న్యాయమూర్తి చెప్పాడు. భయంతో చాలామంది పోవడానికే మొగ్గుచూపారు. చట్టప్రకారం ఓడలో పట్టేది 196 మందే కాబట్టి అంతమందే బయలుదేరారు. మిగిలినవారిని హోమ్ గార్డ్ అనే స్వచ్ఛంద రక్షక దళం వారి ఇళ్ళకు తిరిగి తీసుకుపోతుండగా మూక అడ్డుపడింది, తుపాకులు పేలాయి, అయిదుగురు గాయపడగా వారిలో ఒకరు చనిపోయారు. ఆ దళంలో బర్క్ ఉన్నాడు. వెంటనే ఆయన మీద, మరి నలుగురి మీద హత్యానేరం మోపి అరెస్టు వారెంట్లు తీశారు. ఆ వేళ వారిని పోలీసులకు అప్పగించడమంటే మూక చేతికి ఇవ్వడమే గనుక గ్రీన్ అంగీకరించలేదు. గవర్నరు వాట్సన్ స్క్వైర్ సైనిక శాసనం ప్రకటించాడు. సమాఖ్య సైన్యం దిగింది. హత్యాభియోగం చివరికి నిలవలేదు. చైనీయులను తరిమిన నాయకుల మీద పెట్టిన కుట్ర కేసులో కూడా జూరీ వారిని విడిచిపెట్టింది. ఆ వేసవిలో జరిగిన నగర ఎన్నికలలో చైనా వ్యతిరేక పక్షమే గెలిచింది.

ఓట్ల తీర్పు అది. ప్రజాస్వామ్యంలో ఓట్ల తీర్పునకు, న్యాయానికి మధ్య ఎంత దూరం ఉండగలదో సియాటిల్ చరిత్రలో ఇంతకన్న స్పష్టంగా చూపే సంవత్సరం లేదు. ఆ దూరాన్ని భరించి నిలబడడమే బర్క్ గొప్పతనం. అయితే ఆయన సమర్థించిన చట్టం ఎటువంటిదో కూడా అడగాలి. అదే చట్టం చైనీయులకు పౌరసత్వం నిరాకరించింది, కొత్తవారిని రానివ్వలేదు, లోయలోని మూలవాసుల నేలను పత్రాల మీద మార్చివేసింది. బర్క్ ఆ గోడలను కూల్చమని అడిగినవాడు కాదు. గోడ లోపల మిగిలిన కాస్త చోటులోనైనా మనిషికి ప్రాణరక్షణ, ఆస్తిరక్షణ ఉండాలని పట్టుబట్టినవాడు. ఇది పరిమితమైన ధర్మమే. కాని ఆ ఫిబ్రవరి ఉదయం కోర్టుమెట్లు ఎక్కిన చైనా కూలీకి ఆ పరిమిత ధర్మం తప్ప మరొక దిక్కు లేదు. తరువాతి కాలంలో సియాటిల్‌లోని చైనా వర్తకులు తమ వ్యవహారాలను బర్క్‌కు అప్పగించారు. వారిలో కూలీల కాంట్రాక్టరుగా మొదలై గొప్ప వ్యాపారి అయిన చిన్ జీ హీ, అమెరికాలో నేర్చిన రైల్వే విద్యతో 1905లో స్వదేశానికి తిరిగివెళ్ళి, దక్షిణ చైనాలోని తైషాన్ ప్రాంతంలో సున్నింగ్ రైలుదారిని కట్టించాడు; బర్క్‌తో ఆయన స్నేహం దశాబ్దాలపాటు సాగింది.

1888లో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లండ్ బర్క్‌ను టెరిటరీ ప్రధాన న్యాయమూర్తిగా నియమించగా ఆయన కొద్ది నెలలు మాత్రమే ఆ పీఠంలో ఉన్నాడు. 1889 నవంబరు 11న వాషింగ్టన్ రాష్ట్రమయింది. ఆ కొత్త రాష్ట్ర రాజ్యాంగంలో, పౌరసత్వం పుచ్చుకుంటామని ప్రకటించని విదేశీయులు భూమికి యజమానులు కాకూడదనే నిబంధన ఒకటి చేరింది. పైకి జాతి పేరు ఎత్తని ఆ నిబంధన, పౌరసత్వ చట్టం తెల్లవారికి, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే వర్తించే ఆ రోజుల్లో, ఆసియా వారందరికీ గట్టి గోడ అయింది.

తరువాతి కాలపు బర్క్ గ్రేట్ నార్తర్న్ రైల్వే అధిపతి జేమ్స్ హిల్‌కు సియాటిల్‌లో కుడిభుజం. 1890లో రేవు వెంబడి రైల్‌రోడ్ అవెన్యూ మీద హిల్ కంపెనీకి దారి హక్కు ఇప్పించినది ఆయనే. 1893లో ఖండాంతర రైలు సియాటిల్ చేరింది. 1896 ఆగస్టు 31న ‘మీకె మారు’ అనే జపాను ఓడ అక్కడ లంగరు వేయడంతో తూర్పు ఆసియాతో క్రమబద్ధమైన వర్తకం మొదలయింది. నగరానికి ఇవి మేలు చేశాయనడంలో సందేహం లేదు. కాని ఊరి రేవు ప్రజలదా, రైలు కంపెనీలదా అన్న వివాదంలో బర్క్ ఎల్లప్పుడూ కంపెనీల పక్షానే నిలిచాడు. ఒకప్పుడు కూలివారి వకీలు, ఇప్పుడు కుబేరుల వకీలు అన్న నింద ఆయనను వెంటాడింది, ఆ నింద పూర్తిగా అన్యాయమైనదీ కాదు. 1896లో వెండి నాణేల వివాదంలో, అంటే బంగారంతోపాటు వెండిని కూడా అపరిమితంగా నాణెంగా కొట్టి రైతుల అప్పుభారం తగ్గించాలన్న డెమోక్రాట్ల వాదన వచ్చినప్పుడు, ఆయన బంగారం పక్షాన నిలిచి రిపబ్లికన్ పార్టీలో చేరాడు. 1910లో ఆ పార్టీ తరఫున అమెరికా సెనేటుకు పోటీపడి, సంస్కరణవాదుల నాయకుడు మైల్స్ పాయిన్‌డెక్స్‌టర్ చేతిలో పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయాడు. అప్పటికి జనానికి ఆయన హిల్ మనిషి.

జపానీయుల మీద ద్వేషం పెరిగిన ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో కూడా బర్క్ తన పాత మాట మార్చలేదు. ఆ ద్వేషం భారతీయులను కూడా తాకింది: 1907 సెప్టెంబరు 4న సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీ కార్మికులను, వారిలో అధికులు సిక్కులు, వందల మంది మూక ఇళ్ళనుంచి లాగి ఊరు దాటించింది. 1886లో సియాటిల్‌లో మాదిరిగా అడ్డునిలిచిన న్యాయమూర్తి గాని, రక్షక దళం గాని అక్కడ లేకపోయింది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవారు కారని, అందువల్ల పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. దానితో వాషింగ్టన్ రాష్ట్రంలో భారతీయుడు భూమి కొనే దారి కూడా మూసుకుపోయింది.

1925 డిసెంబరు 4న న్యూయార్క్‌లో, కార్నెగీ అంతర్జాతీయ శాంతి నిధి ధర్మకర్తల సమావేశంలో ప్రసంగిస్తూనే బర్క్ కుప్పకూలి మరణించాడు. సంతానం లేని కారొలైన్ బర్క్ మూలవాసుల బుట్టలను, కళావస్తువులను శ్రద్ధగా సేకరించిన వ్యక్తి; ఆమె సేకరణ, ఆమె విడిచిన ధనం కారణంగా వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని రాష్ట్ర మ్యూజియం నేడు బర్క్ పేరుతో ఉంది. సియాటిల్‌లోని వాలంటీర్ పార్కులో 1930లో నిలిపిన ఆయన స్మారకం ఉంది. ఆయన కట్టించిన బర్క్ భవనాన్ని 1971లో పడగొట్టి, దాని రాతి తోరణాన్ని అదే చోట లేచిన సమాఖ్య ప్రభుత్వ భవనం ఆవరణలో నిలిపారు. రైలుదారి కథ కూడా ఆ ఏడాదే మలుపు తిరిగింది: 1970లో కంపెనీలు కలిసి బర్లింగ్టన్ నార్తర్న్ అయిన తరువాత సియాటిల్ వైపు పట్టాలను విడిచిపెట్టగా, పౌరులు పోరాడి వాటి స్థానంలో నడకదారి వేయించుకున్నారు, 1978లో అది బర్క్-గిల్మన్ పేరుతో మొదలయింది. రెడ్‌మండ్ పట్టణం తన భాగాన్ని 2010లో కొని, 2013లో తొలి విడత నడకదారిని తెరచింది.

1912 డిసెంబరు 31న పురపాలక పట్టణమైన రెడ్‌మండ్ కలప తరిగిపోయాక చాలాకాలం చిన్న ఊరుగానే మిగిలింది. 1986 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అక్కడికి తరలివచ్చింది. చైనీయులను రేవుకు తోలిన ఫిబ్రవరికి సరిగ్గా నూరేళ్ళకు. ఆ తరువాత మూడు, నాలుగు దశాబ్దాలలో గోదావరి, కృష్ణా, తెలంగాణ జిల్లాలనుంచి వచ్చిన కుటుంబాలు రెడ్‌మండ్‌లోను, ఇస్సక్వాలోను, వాటి మధ్య ఉన్న సమ్మామిష్ పీఠభూమి మీదను ఇళ్ళు కొనుక్కుని స్థిరపడ్డాయి. 1889 రాజ్యాంగంలోని భూమి నిబంధనే మిగిలి ఉంటే ఆ ఇళ్ళలో ఎన్నో, పౌరసత్వం ఇంకా చేతికి రాని కుటుంబాల పేర రిజిస్టరు కాకపోయేవి. దానిని తొలగించాలని ప్రతిపాదించినప్పుడల్లా ఓటర్లు తిరస్కరిస్తూ వచ్చి, చివరికి 1966లో అంగీకరించారు. అప్పటికి బర్క్ పోయి నలభై ఒక్క ఏళ్ళు, స్క్వాక్ లోయ గుడారాల మీద తుపాకులు పేలి ఎనభై ఒక్క ఏళ్ళు.